ఎద్దుకంటె ముందు వామి: కారు కొనదలచిన రైతు సోదరులకు



మా నాన్నగారి కాలంలో ఎద్దుల జత కొనడానికి సంతకు పోయే రైతు ఎంత జాగ్రత్తగా ఉండేవాడో మీలో పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. పళ్లు పట్టి చూచేవాడు. గిట్టలు తట్టి చూచేవాడు. సుడులు వెదకేవాడు. నాలుగడుగులు నడిపించి, మెడ మీద చేయి వేసి చూచేవాడు. అయితే ఇల్లు కదిలే ముందే ఆయన మరొక పని చేసేవాడు. దొడ్డిలోని గడ్డివామి ఎంత మిగిలి ఉన్నదో చూచుకొనేవాడు. మళ్లీ గడ్డి చేతికి వచ్చేదాకా మేపగలిగిన జతనే ఇంటికి తోలుకొని వచ్చేవాడు. ఎద్దు ఎంత ముచ్చటగా ఉన్నా వామి చాలకపోతే తాడు విడిచి తిరిగి వచ్చేవాడు.

వ్యవసాయశాస్త్రంలో బి.ఎస్సీ. ముగించి, బ్యాంకులో క్షేత్రాధికారిగా చేరి, అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల పల్లెలలో తిరుగుతున్న నాకు ఈమధ్య తరచుగా కనిపించే దృశ్యం ఇందుకు తలక్రిందులుగా ఉన్నది. ఎద్దును చూచే చూపు మనకు పోలేదు, ఇంకా పదునెక్కినది. వామిని చూచే అలవాటు మాత్రం పోయినది. నేడు ఆ ఎద్దు స్థానంలో కారు నిలిచినది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఇదొక్కటే: రెండు కార్లను పోల్చడానికి మీరు పడే శ్రమలో సగమైనా రెండు ఋణాలను పోల్చడానికి వెచ్చించండి. లాభనష్టాలు ఎక్కువగా దాగి ఉన్నది అక్కడే.

రెండు నెలల వాదన

2024 వేసవిలో ఎనిమిదెకరాల చీనీతోట గల ఒక రైతు తన కుమారుని వెంటబెట్టుకొని మా శాఖకు వచ్చినాడు. ఆయన పాతబాకీ ఏనాడూ గడువు దాటలేదు. వచ్చిన పని కారు ఋణం. హ్యుందాయ్ వారి క్రెటా కొనాలా, కియా వారి సెల్టోస్ కొనాలా అన్న విషయం మీద ఆ ఇంట్లో రెండు నెలలుగా వాదన నడుస్తున్నదట. కుమారుడు సెల్టోస్ పక్షం. "మన పెనుకొండలో తయారైన బండి సార్, మనమే కొనకపోతే ఎట్లా?" అన్నాడు. తండ్రికి బావమరది ఇంట ఉన్న క్రెటా మీద మనసు. కుమారుని చేతిలో రెండు కంపెనీల పుస్తకాలు, వాటిలో గీతలు గీసి వ్రాసుకొన్న అంకెలు ఉన్నాయి. ఆ శ్రద్ధ చూచి నాకు ముచ్చట వేసినది.

ఆ యువకుడు వ్రాసుకొన్న అంకెలనే మీ ముందు ఉంచుతాను. నాటి క్రెటా పొడవు 4,330 మిల్లీమీటర్లు, సెల్టోస్ పొడవు 4,365. తేడా బొటనవ్రేలి పొడవుకు మించదు. ముందు చక్రాలకు, వెనుక చక్రాలకు నడుమ దూరం రెండింటిలోను 2,610 మిల్లీమీటర్లు. నేలకు, బండి అడుగుకు నడుమ ఎడం రెండింటిలోను 190 మిల్లీమీటర్లు. ఇంధనపు ట్యాంకు రెండింటిలోను 50 లీటర్లు. సామాను పెట్టె 433 లీటర్లు చొప్పున. డీజిల్ ఇంజను రెండింటిలోను 1,493 ఘన సెంటీమీటర్లు, 116 పి.ఎస్. శక్తి, 250 న్యూటన్ మీటర్ల లాగుడు. మైలేజి విషయంలో కంపెనీలు ప్రకటించిన అంకెలు చేతిగేరు డీజిల్ క్రెటాకు లీటరుకు 21.8 కిలోమీటర్లు, సెల్టోస్‌కు 20.7.

ఇంత పోలిక ఎందుకు వచ్చినది? కారణం స్పష్టం. ఇవి రెండూ ఒకే కొరియా వ్యాపార కుటుంబానికి చెందిన బండ్లు. హ్యుందాయ్ సంస్థ 1998లో కియాను తన అధీనంలోకి తెచ్చుకొన్నది. క్రెటా మద్రాసు దగ్గర శ్రీపెరుంబుదూరు ప్రాంతంలోని కర్మాగారంలో తయారవుతుంది. సెల్టోస్ మన పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద తయారవుతూ, 2019 ఆగస్టులో విపణిలోకి వచ్చినది. ఇంజన్లు ఒకే కుదురువి. పైరేకు, దీపాలు, లోపలి అలంకరణ, సీటు గుడ్డ, సస్పెన్షన్ అమరిక మాత్రం వేరు. ఒక తల్లి బిడ్డలైన రెండు కోడెలను పట్టుకొని ఏది మేలని రెండు నెలలు తగవులాడినట్లున్నది ఈ వాదన.

భద్రత విషయంలోను అంతే. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ జరిపిన ఢీకొట్టు పరీక్షలలో 2020లో సెల్టోస్‌కు, 2022లో క్రెటాకు పెద్దల రక్షణకు ఐదింట మూడేసి నక్షత్రాలే వచ్చాయి. తదుపరి 2023 నాటికి రెండు కంపెనీలూ అన్ని రకాలలోను ఆరు గాలిసంచులు అమర్చాయి. 2026 ఆరంభంలో సెల్టోస్ కొత్త తరం బండి మరికొంత పెద్దదై వచ్చినది కనుక నేడు కొనేవారు పై కొలతలను తిరిగి చూచుకొనవలెను. రూపులు ఇట్లే మారుతూ ఉంటాయి. నేను చెప్పబోయే లెక్క మాత్రం బండి మారినా మారదు.

రెండు నెలల వాదన ముగించుకొని వచ్చిన ఆ తండ్రి నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "నెలకెంత పడుతుంది సార్?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పి సంతకాలు తీసుకొని పంపించడానికి పది నిమిషాలు చాలును. ఒకప్పుడు నేను అట్లే చేసేవాడను. చేయడం మానిన కారణం కూడా దాచకుండా చెబుతాను.

నేను చేసిన పొరపాటు

2021లో వేరుసెనగ, కూరగాయలు పండించే ఒక రైతుకు నేను కారు ఋణం సిఫారసు చేసినాను. ఆ యేడు ఆయనకు మంచి రాబడి. బ్యాంకు ఖాతాలో ఆ ఒక్క సంవత్సరపు జమలు చూచి, నెలవాయిదా దానికి సరిపోతుందని వ్రాసినాను. కాగితం మీద తప్పు లేదు. తప్పంతా నేను చూడని చోట ఉన్నది. అంతకు ముందు రెండేళ్ల రాబడి ఎంతో నేను అడుగలేదు. కారుకు చెల్లించిన మార్జిన్ సొమ్ము ఎక్కడిదో అడుగలేదు. అందులో పెద్ద భాగం పంటఋణం కార్డు మీద తీసినదే అని తరువాత తెలిసినది.

2023లో మా సీమలో వానలు ముఖం చాటేశాయి. రాష్ట్ర ప్రభుత్వం కరవు మండలాలుగా ప్రకటించిన వాటిలో మా జిల్లాల మండలాలు పలు ఉన్నాయి. ఆ రైతు బోరు ఎండినది. మొదట ఒక వాయిదా తప్పినది, తరువాత రెండు, తరువాత మూడు. ఇక్కడ ప్రతి రైతు తెలిసికొనవలసిన నియమం ఒకటి ఉన్నది. స్వల్పకాలిక పంటలకు ఇచ్చిన ఋణం రెండు పంటకాలాలు గడువు దాటితేగాని నిరర్థక ఆస్తిగా లెక్కకు రాదు. దీర్ఘకాలిక పంటలకు ఒక పంటకాలం. వాన తప్పిన రైతుకు ఇచ్చిన వెసులుబాటు అది. కారు ఋణానికి ఆ వెసులుబాటు లేదు. వాయిదా గడువు 90 రోజులు దాటితే ఆ ఖాతా నిరర్థకమవుతుంది. అంతకంటె ముఖ్యం, రిజర్వుబ్యాంకు నియమాల ప్రకారం ఈ వర్గీకరణ ఖాతాను బట్టి కాక ఋణగ్రహీతను బట్టి జరుగుతుంది. ఒకే బ్యాంకులో మీకు కారు ఋణం, పంటఋణం రెండూ ఉండి, కారు ఋణం నిరర్థకమైతే, సక్రమంగా నడుస్తున్న పంటఋణం కూడా దానితో పాటు మునుగుతుంది.

ఆ రైతు విషయంలో జరిగినది అదే. నోటీసుల తరువాత కారును స్వాధీనం చేసుకొన్నారు. ఆ దినం నేనక్కడే ఉన్నాను. ఆయన భార్య కారులోని పసుపు కుంకుమ పొట్లాన్ని, అద్దానికి వ్రేలాడే దేవుని పటాన్ని తీసికొని పక్కకు జరిగినది. నన్ను ఒక్క మాట అనలేదు. వేలంలో వచ్చిన సొమ్ము బాకీకి చాలలేదు. కారు పోయినా బాకీ పోలేదు. 2024 ఖరీఫులో పంటఋణం పునరుద్ధరణ కాలేదు. కేంద్రప్రభుత్వ వడ్డీరాయితీ పథకం క్రింద సకాలంలో చెల్లించే రైతుకు పంటఋణం పరిమితిలోపల వడ్డీ 4 శాతమే పడుతుంది. ఆ రైతు విత్తనానికి నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రైవేటుగా అప్పు తెచ్చినాడు. అనగా సంవత్సరానికి 24 శాతం. ఆ కారు ఏ సంస్థదన్నది నాకు గుర్తున్నది, కాని అది అప్రస్తుతం. దాని బదులు మరొక కారు కొన్నా కథ ఇట్లే ముగిసి ఉండేది.

రెండు కాగితాల లెక్క

చీనీతోట రైతు అడిగిన ప్రశ్నకు మళ్లీ వస్తాను. ఆయన కోరిన డీజిల్ బండి రోడ్డు మీదికి వచ్చేసరికి రూ.16 లక్షలు. ఋణం రూ.10 లక్షలు. మార్జిన్ రూ.6 లక్షలలో సగం పంటఋణం కార్డు నుండి, మిగతా సగం బంగారం మీద అప్పు తెచ్చి కడతానన్నాడు. అనగా స్వంత సొమ్ము ఒక్క రూపాయి కూడా లేదన్నమాట. నేనొక తెల్లకాగితం తీసికొని ఆయన ముందే లెక్క వేసినాను. మీరు కూడా పెన్సిలు తీసికొని నాతో పాటు వేయండి. వడ్డీ రేటు ఉదాహరణకు 9.5 శాతం అనుకొందాము.

రూ.10 లక్షల ఋణం 5 సంవత్సరాలకైతే నెలవాయిదా రూ.21,002. మొత్తం చెల్లించే వడ్డీ సుమారు రూ.2 లక్షల 60 వేలు. అదే 7 సంవత్సరాలకైతే నెలవాయిదా రూ.16,344. చూడడానికి తేలిక. కాని మొత్తం వడ్డీ సుమారు రూ.3 లక్షల 73 వేలు. నెలకు రూ.4,658 తగ్గినదని సంతోషించినందుకు మనం చెల్లించే మూల్యం రూ.1 లక్షా 13 వేలు. క్రెటాకు, సెల్టోస్‌కు నడుమ సమాన రకాలలో ధర తేడా ఎంత ఉండినదో ఆ కుమారుని కాగితంలోనే ఉన్నది. అది ఈ మొత్తంలో సగానికి కూడా రాలేదు. రెండు నెలలు చిన్న తేడా మీద వాదించి, పెద్ద తేడాను పది నిమిషాలలో ఒప్పుకొనబోతున్నారు.

ఇక వడ్డీ చెప్పే తీరు. కొన్ని ఫైనాన్సు సంస్థల ప్రతినిధులు "మా వడ్డీ ఏడు శాతమే" అని చెబుతారు. అది ఫ్లాట్ రేటు, అనగా మీరు అసలు తీర్చుతూ వస్తున్నా మొదటి నాటి పూర్తి మొత్తం మీదనే చివరిదాకా వడ్డీ కట్టే పద్ధతి. రూ.10 లక్షలకు 7 శాతం చొప్పున 5 ఏండ్లకు వడ్డీ రూ.3 లక్షల 50 వేలు. నెలవాయిదా రూ.22,500. తరుగుతున్న బాకీ మీద 9.5 శాతం వడ్డీ వేసే బ్యాంకు వాయిదా రూ.21,002. ఏడు శాతం తొమ్మిదిన్నర కంటె ఖరీదైనది ఎట్లాగో చూచినారా? ఆ ఫ్లాట్ 7 శాతం తరుగుబాకీ పద్ధతిలో దాదాపు 12.5 శాతానికి సమానం.

ఈ తికమకకు మందు ఇప్పుడు మీ చేతిలోనే ఉన్నది. 2024 అక్టోబరు 1 నుండి బ్యాంకులు, ఫైనాన్సు సంస్థలు కారు ఋణం వంటి ప్రతి వ్యక్తిగత ఋణానికి ముఖ్యాంశాల పత్రం ఇవ్వవలెనని రిజర్వుబ్యాంకు ఆదేశించినది. అందులో వడ్డీ, ప్రాసెసింగ్ రుసుము, ఇతర ఖర్చులు అన్నీ కలిపి వార్షిక శాతంగా ఒకే అంకె ఉంటుంది. మీకు అర్థమయ్యే భాషలో ఆ పత్రం ఇవ్వవలసిన బాధ్యత ఋణం ఇచ్చేవారిదే. ఏ ఇద్దరి దగ్గరైనా ఆ పత్రాలు తీసికొని, ఆ ఒక్క అంకెను పక్కపక్కన పెట్టి చూడండి. రెండు కంపెనీల పుస్తకాలు పోల్చిన కన్నుకు ఇది కష్టం కాదు.

వామి ఎంత?

తరువాత మేము వామి లెక్క చూచినాము. గత మూడేండ్లలో చీనీతోట మీద సేద్యపు ఖర్చులు పోను మిగిలినదెంతో చెప్పమన్నాను. మంచి యేడు రూ.8 లక్షలు, మధ్యరకం యేడు రూ.5 లక్షల 50 వేలు, గడ్డుయేడు రూ.3 లక్షల 50 వేలు అని చెప్పినాడు. ఇంటి ఖర్చు సంవత్సరానికి రూ.2 లక్షల 50 వేలు. గడ్డుయేట మిగిలేది లక్ష. ఏడేండ్ల ఋణమైనా సంవత్సరపు వాయిదాల మొత్తం రూ.1 లక్షా 96 వేలు. అనగా గడ్డుయేట దాదాపు రూ.96 వేలు లోటు. దానికి తోడు బంగారం మీది వడ్డీ, కార్డు మీది బాకీ, కారు బీమా, డీజిలు, సర్వీసు.

"సగటు చూస్తే సరిపోతుంది గదా సార్?" అన్నాడు కుమారుడు. నిజమే, సగటు చూస్తే సరిపోతుంది. అయితే వాయిదా సగటు మీద రాదు, ప్రతి నెల అయిదవ తేదీన వస్తుంది. ఉద్యోగి జీతం నెలనెలా వస్తుంది, కనుక నెలవాయిదా అతనికి చొక్కా వలె అమరుతుంది. చీనీ రైతుకు సొమ్ము కోతకు వస్తుంది, అదీ ఢిల్లీ మార్కెట్టు ధరను బట్టి. ట్రాక్టరు ఋణానికి వాయిదాలు పంటరాబడిని అనుసరించి పెడతాము. కారు ఋణానికి సాధారణంగా అట్లా ఉండదు. అందుచేత నా అభిప్రాయం నిష్కర్షగా చెబుతున్నాను: రైతు కారు వాయిదాను సగటు రాబడితో కాక, గడచిన మూడు నాలుగేండ్లలోని గడ్డుయేటి మిగులుతో పోల్చుకొనవలెను. కొద్దిపాటి లోటు ఉంటే, ఒక సంవత్సరపు వాయిదాలకు సరిపడే సొమ్మును ముందుగానే డిపాజిట్టుగా పెట్టుకొనవలెను. రెండూ కుదరకపోతే ఆ యేడు కారు వద్దు.

పంటఋణం కార్డు సొమ్ముతో మార్జిన్ కట్టడం మాత్రం ఎన్నటికీ చేయరాని పని. మార్జిన్ అనే ఏర్పాటు ఎందుకున్నది? మీ స్వంత సొమ్ము కొంత బండిలో ఉన్నప్పుడు మీకు నిలుపుకొనే శక్తి ఉన్నదని గుర్తు. అప్పుతో మార్జిన్ కడితే ఆ గుర్తు చెరిగిపోతుంది. పైగా కార్డు బాకీ గడువులోపల తీరకపోతే సకాలంలో చెల్లించినందుకు దక్కే 3 శాతం ప్రోత్సాహకం చేజారుతుంది.

డీజిలా, పెట్రోలా?

కారును పోల్చడమే వద్దని నా మాటలకు అర్థం కాదు. పోల్చవలసిన చోట పోల్చవలెను. క్రెటాకు, సెల్టోస్‌కు నడుమ కంటె ఒకే కారులో డీజిల్‌కు, పెట్రోలుకు నడుమ తేడా ఎక్కువ. డీజిల్ రకం ధర దాదాపు రూ.1 లక్షా 50 వేలు అధికం అనుకొందాము. పల్లెదారుల్లో పెట్రోలు బండి లీటరుకు 13 కిలోమీటర్లు, డీజిల్ బండి 18 కిలోమీటర్లు ఇచ్చినదనుకొందాము. పెట్రోలు రూ.110, డీజిల్ రూ.98 చొప్పున కిలోమీటరుకు సుమారు రూ.3 ఆదా. ఆ అదనపు ధర రాబట్టుకొనడానికి దాదాపు 50 వేల కిలోమీటర్లు తిరగవలెను. మన రైతు నెలకు 700 కిలోమీటర్లు మించి తిరగడు. ఆ లెక్కన ఆరేండ్లు పడుతుంది. ఋణం తీరేదాకా లాభమన్నదే కనబడదు.

మరొక సంగతి. 2020 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన బి.ఎస్.6 ప్రమాణాల వలన ఈ తరగతి డీజిల్ కార్లలో పొగమసిని పట్టే వడపోత ఒకటి ఉంటుంది. బండి కొంతసేపు ఒకే వేగంతో సాగితేగాని అందులో చేరిన మసి కాలిపోదు. ఇంటినుండి తోటకు, తోటనుండి మండల కేంద్రానికి నాలుగైదు కిలోమీటర్ల వంతున తిరిగే బండిలో మసి పేరుకొని, హెచ్చరిక దీపం వెలిగి, వర్క్‌షాపుకు తిప్పలు తప్పవు. నెలకు రెండు వేల కిలోమీటర్లు రహదారి మీద తిరిగే వ్యాపారికి డీజిల్ తగినది. తోట రైతుకు పెట్రోలు చాలును.

కారును పెళ్లిళ్లకు, తిరుమల యాత్రలకు కిరాయికి త్రిప్పి వాయిదా రాబట్టుకొంటామని కొందరు చెబుతారు. తెల్ల నంబరుపలక గల స్వంత వాహనాన్ని కిరాయికి త్రిప్పడం మోటారు వాహనాల చట్టానికి విరుద్ధం. దారిలో ప్రమాదం జరిగితే బీమా సంస్థ పరిహారం నిరాకరించగలదు. ఆ ఆశను వాయిదా లెక్కలో చేర్చకండి.

రోడ్డు మీదికి వచ్చే ధర

పత్రికా ప్రకటనలో కనిపించే ధర ఒకటి, మీరు చెల్లించేది మరొకటి. జీవితపన్ను, బీమా, రిజిస్ట్రేషన్, అదనపు వారంటీ, అలంకరణ సామగ్రి కలిసి ధరను పెంచుతాయి. వీటిలో తప్పనివి కొన్ని, మీ ఇష్టాన్ని బట్టి ఉండేవి కొన్ని. బీమా షోరూములోనే తీసికొనవలెననే నిర్బంధం లేదు. మూడేండ్ల ఇతరుల నష్టపు బీమా మాత్రం కొత్త కారుకు 2018 సెప్టెంబరు నుండి తప్పనిసరి.

రూ.10 లక్షలు దాటిన కారు మీద డీలరు 1 శాతం పన్ను వసూలు చేసి మీ పాన్ నంబరు మీద ప్రభుత్వానికి జమచేస్తాడు. ఇది మీరు కోల్పోయిన సొమ్ము కాదు. ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేస్తే మీ పన్నులో మినహాయింపుగానో, పన్ను పడనివారికి వాపసుగానో వస్తుంది. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు గదా అని మన రైతులు రిటర్ను వేయరు. రూ.11 లక్షల కారు మీద రూ.11 వేలు అట్లే మరచిపోతారు. ఎరువుల అంగడిలో పది రూపాయలకు బేరమాడే మనం దీనిని విడిచిపెట్టడం విడ్డూరం.

డీలరు సోదరులకు ఒక మాట

ఈ పత్రికను చదివే డీలరు సోదరులకు కూడా వినయపూర్వకంగా మనవి చేస్తున్నాను. మీ షోరూములో కారు నచ్చిన రైతు చేతికి బండి ధర, బీమా, పన్ను, సామగ్రి వేర్వేరుగా వ్రాసి సంతకం చేసిన కాగితం ఇవ్వండి. ఋణం ఇచ్చే సంస్థనుండి మీకు ముట్టే ప్రతిఫలం ఏదైనా ఉంటే, దానికోసం ఎక్కువ వడ్డీ కాగితాన్ని ముందుకు జరపకండి. ఏడేండ్ల వాయిదాతో బండి అమ్మడం తేలిక. కాని వాయిదా తప్పి స్వాధీనమైన ప్రతి కారూ ఆ ఊళ్లో మరి నలుగురిని మీ షోరూముకు రాకుండా ఆపుతుంది. సక్రమంగా తీర్చిన రైతు అయిదేండ్లకు మళ్లీ మీ దగ్గరకే వస్తాడు, తన అల్లుణ్ణి కూడా తీసికొని వస్తాడు.

మా బ్యాంకు ఉద్యోగులకు కూడా ఇదే వర్తిస్తుంది. ఋణ లక్ష్యాలు మాకు ఉంటాయి. మార్చి నెలాఖరున ఆ ఒత్తిడి ఎట్లా ఉంటుందో మాకే తెలుసు. అయినా ఋణగ్రహీతకు "ఈ యేడు వద్దు, వచ్చే యేడు రండి" అని చెప్పగలగడం కూడా మా విధిలో భాగమేనని నేను 2021 పొరపాటు వలన నేర్చుకొన్నాను.

ఆ రైతు ఏం చేసినాడు?

లెక్క ముగిసిన తరువాత తండ్రి ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకొన్నాడు. కుమారుడు ముఖం మాడ్చుకొని వెళ్లినాడు. వాళ్లు మరొక ఫైనాన్సు కంపెనీకి పోయి ఉంటారనే అనుకొన్నాను. ఏడాదికి పైగా గడిచిన తరువాత, 2025 నవంబరులో, ఇద్దరూ మళ్లీ వచ్చినారు. ఆ నడుమ చీనీ రాబడి చేతికి వచ్చినది. పాత జీపు అమ్మినారు. సెప్టెంబరు 22 నుండి జి.ఎస్.టి. మారి, ఈ తరగతి కార్ల మీద సెస్సుతో కలిపి 45 శాతంగా ఉండిన పన్ను 40 శాతానికి తగ్గినది. అందువలన ధర సుమారు మూడున్నర శాతం దిగినది. అది వారి అదృష్టం. వేచి ఉన్న ప్రతివారికీ పన్ను తగ్గుతుందని నేను చెప్పలేను. అయితే వేచి ఉన్నవారి చేతిలో స్వంత సొమ్ము పెరుగుతుంది. అది మాత్రం అదృష్టం మీద ఆధారపడినది కాదు.

ఈసారి వారు కోరినది పెట్రోలు బండి. రోడ్డు మీదికి రూ.13 లక్షల చిల్లర. కార్డు మీద గాని, బంగారం మీద గాని అప్పు తేలేదు. ఋణం రూ.5 లక్షలు, గడువు 5 సంవత్సరాలు. అదే 9.5 శాతం లెక్కన నెలవాయిదా రూ.10,501, మొత్తం వడ్డీ రూ.1 లక్షా 30 వేలు. మొదట కోరిన ఏడేండ్ల ఋణానికి వడ్డీ రూ.3 లక్షల 73 వేలు అయ్యేది. సంవత్సరపు వాయిదాలు రూ.1 లక్షా 26 వేలు. గడ్డుయేటి మిగులుకు రూ.26 వేలే లోటు. అందుకు విడిగా డిపాజిట్టు వేసినాడు.

క్రెటానా, సెల్టోసా అని మీరు అడుగవచ్చు. సర్వీసు కేంద్రం ఊరికి దగ్గరగా ఉన్నదీ, డీలరు అన్ని ఖర్చులూ కాగితం మీద వ్రాసి ఇచ్చినదీ అయిన బండిని తీసుకొన్నారు. ఇప్పుడు ఆ ఇంట్లో ఆ వాదన ఎవరికీ గుర్తు లేదు. నేను తోట చూడడానికి వెళ్లినప్పుడు కారు వేపచెట్టు క్రింద నిలిచి ఉన్నది, దాని మీద కోడి ఎక్కి కూర్చున్నది.

కావున పాఠకులారా, కారు కొనదలచినప్పుడు పళ్లు చూడండి, సుడులు చూడండి, నాలుగడుగులు నడిపించి చూడండి. అయితే సంతకు బయలుదేరే ముందు దొడ్డివైపు ఒకసారి తొంగిచూడండి. అక్కడ వామి ఎంత ఉన్నదో తెలియకపోతే, మూడేండ్ల పద్దుపుస్తకం తీసికొని మీ శాఖలోని క్షేత్రాధికారి దగ్గర కూర్చొని లెక్క వేయించుకొనండి. ఆ లెక్కకు రుసుము లేదు.

(ఈ వ్యాసంలోని అభిప్రాయాలు రచయిత వ్యక్తిగతం. వడ్డీ రేట్లు, ఇంధన ధరలు లెక్క చూపడానికి ఉదాహరణగా తీసుకొన్నవి.)